సినిమా చరిత్ర డాక్యుమెంటరీ – 4వ పాఠం: ఏ ఏడాదో తేల్చడం

విశాఖ పాత థియేటర్ల ఆపరేటర్లతో, గేటు కీపర్లతో మాట్లాడి రికార్డు చేయడం పోయిన పాఠంలో చూశాం. ఆ మాటల్లో ఎక్కువగా తప్పేది సంవత్సరమే. వాళ్లు అబద్ధం చెప్పరు. హాలు, జనం, తెగిన రీలు అన్నీ గుర్తుంటాయి, అంకె మాత్రం జారిపోతుంది. అందుకే "ఏ సంవత్సరం బాబాయ్?" అని అడక్కండి. "గాజీ మునిగేనాటికి పనిలో చేరిపోయారా, ఇంకా లేదా?" అని అడగండి. ఆ పాకిస్తాన్ జలాంతర్గామి మన తీరంలో మునిగింది 1971 డిసెంబరు 3-4 రాత్రి. ఇంకా వెనక్కి వెళ్లాలంటే ఉక్కు ఉద్యమంలో కాల్పులు జరిగిన 1966 నవంబరు ఉంది. ముందా, తర్వాతా అన్నది మనిషికి బాగా గుర్తుంటుంది.

మాట అయ్యాక కాగితం చూడాలి. ఆయన పెట్టెలోంచి టికెట్ ముక్క తీశారనుకోండి. ధర దగ్గర 'న.పై.' అని ఉంటే అది 1957 ఏప్రిల్ 1కి ముందు అచ్చయింది కాదు, నయాపైసలు వచ్చింది ఆ రోజునే. 1964 జూన్ 1న 'నయా' పోయి పైసా మిగిలింది. అయినా టికెట్ 1964 లోపుదేనని రాసేయకండి, మిగిలిన పాత పుస్తకాలు ఆ తర్వాత కూడా చించి ఉండవచ్చు. 'ఇంతకు ముందుది కాదు' అనేది కింది హద్దు, 'ఇంతకు తర్వాతది కాదు' అనేది పై హద్దు. ఏ ఆధారంలోనైనా కింది హద్దు గట్టిది, పై హద్దు మెత్తనిది. నోట్‌బుక్కులో రెండింటికీ వేర్వేరు గళ్లు పెట్టుకోండి.

స్టిల్ (సినిమా ఫొటో) వెనక స్టూడియో ముద్రలో 530తో మొదలయ్యే పిన్ కోడ్ ఉంటే ఆ ముద్ర 1972 ఆగస్టు 15కి ముందుది కాదు. అయితే అది ప్రింటు వయసు చెబుతుంది గానీ ఫొటో తీసిన నాటిని కాదు. సెన్సారు సర్టిఫికెట్ మీద యు/ఎ ఉంటే 1983 లేదా ఆ తర్వాతది.

ఫిల్ము ముక్క దొరికితే అంచు చూడండి. కొడాక్ పేరు పక్కన వృత్తం, చతురస్రం, త్రిభుజం లాంటి గుర్తులు ఫిల్ము తయారైన ఏడాదివి. 20 ఏళ్లకోసారి అవే మళ్లీ వస్తాయి కాబట్టి ఒక్క గుర్తుతో తేల్చకూడదు. ఇంకో చిక్కు కూడా ఉంది. నలుపు-తెలుపు ప్రింటులో నల్లని అంచు మీద తెల్లగా కనిపించే అక్షరాలు నెగటివ్ నుంచి దిగినవి. తెల్లని అంచు మీద నల్లగా ఉన్నవే ఆ ప్రింటువి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

ఇంత పట్టింపు ఎందుకంటే, మన తొలి పూర్తి టాకీ 'భక్త ప్రహ్లాద' విడుదల 1931 సెప్టెంబరు 15 అని దశాబ్దాలపాటు అందరూ రాశారు. పాత్రికేయుడు రెంటాల జయదేవ ఆధారాలు వెతికి, సెన్సారైంది 1932 జనవరి 22న, బొంబాయిలో విడుదలైంది ఫిబ్రవరి 6న అని చూపించారు. ఆ తప్పు అంతకాలం నిలబడింది ఒకరి రాత నుంచి మరొకరు ఎత్తుకున్నందువల్లే. మూడు పుస్తకాల్లో ఒకే తేదీ ఉన్నా, మూడూ ఒకచోటి నుంచే తీసుకుంటే అది ఒక్క ఆధారమే.

టికెట్లను 1200 డీపీఐలో రెండు వైపులా స్కాన్ చేయండి, లామినేషన్ వద్దు. చిత్రీకరించేటప్పుడు లైటు 45 డిగ్రీల వాలులో పెడితే మెరుపు కొట్టదు. వ్యాఖ్యానంలో "1957 తర్వాత" అన్నంతవరకే అనండి, "1958లో" అని బిగించకండి.

అభ్యాసం: ఇంట్లోనో పాత పుస్తకాల కొట్లోనో దొరికే ఒక టికెట్టో పాటల పుస్తకమో తీసుకుని, కింది హద్దు, పై హద్దు, ఒక్కోదానికి కారణం ఒక్కో వాక్యంలో రాయండి. అయిదో పాఠంలో వాటిని పత్రికల సినిమా ప్రకటనలతో సరిచూద్దాం.