ఆలివర్ మెక్‌గవన్ శిక్షణలో గుర్తింపు పొందిన ట్రైనర్ కావడం ఎలా?

ఇంగ్లండ్‌లోని ఆస్పత్రుల్లో, కేర్ హోముల్లో పనిచేసే తెలుగు నర్సులకు, కేరర్లకు ఆలివర్ మెక్‌గవన్ పేరు తెలియకుండా ఉండదు. ఆటిజం, లర్నింగ్ డిసేబిలిటీ ఉన్నవారితో ఎలా మెలగాలో నేర్పే శిక్షణకు ఆయన పేరే పెట్టారు. ఇక్కడ లర్నింగ్ డిసేబిలిటీ అంటే మేధో వైకల్యం. మన దేశంలో ఆ మాట వినగానే గుర్తుకొచ్చే డిస్లెక్సియా దీని కిందికి రాదు. ఈ శిక్షణ తీసుకున్నాక, దాన్ని ఇతరులకు ఇచ్చే స్థాయికి ఎదగాలనుకునేవారికి ఉపయోగపడేలా ఆ దారి గురించి రాస్తున్నాను.

ముందు ఆలివర్‌కు ఏం జరిగిందో చదవండి

ఆలివర్‌కు ఆటిజం, స్వల్ప మేధో వైకల్యం, మూర్ఛ వ్యాధి ఉండేవి. 2016లో మూర్ఛలు ఎక్కువై బ్రిస్టల్‌లో ఆస్పత్రిలో చేరాడు. యాంటీసైకోటిక్ మందులు (తీవ్ర మానసిక సమస్యలకు వాడేవి) తనకు పడవని అతనూ చెప్పాడు, తల్లిదండ్రులూ చెప్పారు. అయినా ఆ కోవకే చెందిన ఒలాంజపైన్ ఇచ్చారు. దాని తీవ్ర దుష్ఫలితంతో మెదడు వాచి, ఆ ఏడాది నవంబర్ 11న చనిపోయాడు. అప్పటికి అతని వయసు 18 ఏళ్లు. ఆ మరణాన్ని నివారించే అవకాశం ఉండిందని 2020లో వెలువడిన స్వతంత్ర సమీక్ష తేల్చింది.

తల్లి పౌలా మెక్‌గవన్ ఊరుకోలేదు. ఆమె పోరాట ఫలితంగానే 2022 నాటి హెల్త్ అండ్ కేర్ చట్టంలో ఆటిజం, మేధో వైకల్యంపై శిక్షణ తప్పనిసరి అన్న నిబంధన చేరింది. ఇంగ్లండ్‌లో ఆరోగ్య, సంరక్షణ సంస్థలను తనిఖీ చేసే కేర్ క్వాలిటీ కమిషన్ వద్ద నమోదైన ప్రతి సంస్థా తన సిబ్బందికి వారి పనికి తగిన స్థాయిలో శిక్షణ ఇప్పించాలన్న నిబంధన 2022 జులై నుంచి అమల్లో ఉంది. ఆ శిక్షణ ఎలా ఉండాలో చెప్పే కోడ్ ఆఫ్ ప్రాక్టీస్ 2025 సెప్టెంబర్‌లో అమల్లోకి వచ్చింది. ఫలానా ప్యాకేజీయే వాడాలని చట్టం అనదు. ప్రభుత్వం సిఫార్సు చేసేది మాత్రం ఆలివర్ శిక్షణనే.

ఈ కథ మనసుకెక్కకుండా ట్రైనర్ అయితే స్లయిడ్లు చదివి వెళ్లిపోయే మనిషే తయారవుతాడు. అందుకే దీన్ని మొదటి మెట్టుగా పెట్టాను.

మీ శిక్షణ మీరు పూర్తి చేయండి

శిక్షణలో రెండు స్థాయిలు ఉన్నాయి. సాధారణ అవగాహన చాలినవారికి టయర్ 1: ఈ-లర్నింగ్, ఆపైన ఆన్‌లైన్‌లో ఒక గంట ముఖాముఖి. రోగుల సంరక్షణలో నేరుగా బాధ్యత ఉన్నవారికి టయర్ 2: అదే ఈ-లర్నింగ్, ఆపైన ఒక రోజంతా తరగతి గదిలో శిక్షణ. ట్రైనర్ కావాలనుకుంటే టయర్ 2కు వెళ్లి, ఈసారి నేర్చుకునేవారిలా కాకుండా నేర్పేవారిని గమనిస్తూ కూర్చోండి. ఎవరు ఎప్పుడు మాట్లాడుతున్నారు, ఎవరు ఎప్పుడు ఆగుతున్నారు అన్నది చూడండి.

మీ కుర్చీ ఏదో తేల్చుకోండి

టయర్ 2ను ఒక్కరే నడపడం కుదరదు. ముగ్గురు ఉండాలి: నడిపించే ట్రైనర్ ఒకరు, మేధో వైకల్యం ఉన్న ట్రైనర్ ఒకరు, ఆటిజం ఉన్న ట్రైనర్ ఒకరు. చివరి ఇద్దరూ స్వానుభవంతో మాట్లాడతారు. మీకే ఆటిజం ఉంటే మీ అనుభవమే మీ అర్హత. ఆటిజం ఉన్న బిడ్డను పెంచిన తల్లి అనుభవానికి ఎంతో విలువ ఉంది, కానీ ఆ బిడ్డ స్థానంలో ఆమె కూర్చోవడం కుదరదు. నర్సులూ సీనియర్ కేరర్లూ సాధారణంగా దరఖాస్తు చేసుకునేది నడిపించే ట్రైనర్ స్థానానికే.

సంస్థ ద్వారా వెళ్లండి

మీ ట్రస్టు (ప్రభుత్వ ఆస్పత్రులను నడిపే సంస్థ) లేదా కేర్ సంస్థలో శిక్షణ విభాగాన్ని అడగండి. ప్రాంతాల వారీగా ఈ శిక్షణ అమలును చూసేది ఇంటిగ్రేటెడ్ కేర్ బోర్డులు, అంటే స్థానిక ఆరోగ్య సేవలను ప్రణాళిక వేసే ప్రభుత్వ సంస్థలు. మీ బోర్డు పరిధిలో ట్రైనర్ల ఎంపిక ఎవరి చేతిలో ఉందో మేనేజరును కనుక్కోమనండి. ఎంపికైనవారికి లీడ్ ట్రైనర్లు (ట్రైనర్లను తయారుచేసేవారు) ‘ట్రైన్ ద ట్రైనర్’ కోర్సు నడుపుతారు. ఇంట్లో కూర్చుని వీడియోలు చూసి సర్టిఫికెట్ కొనుక్కుంటే ఆలివర్ ట్రైనర్ అయిపోతారని ఎవరైనా చెబితే నమ్మవద్దు. పాఠ్యాంశం ఇంగ్లండ్ అంతటా ఒక్కటే. మీకు నచ్చిన భాగం పెంచి, నచ్చనిది తీసేసే స్వేచ్ఛ ట్రైనర్‌కు లేదు.

తోటి ట్రైనర్లతో కలిసి సిద్ధం కండి

నా దృష్టిలో అసలు కష్టమంతా ఇక్కడే ఉంది. కోర్సు పూర్తయినవారు కూడా ఇక్కడే తడబడతారు.

మేధో వైకల్యం ఉన్న సహ ట్రైనర్‌కు స్లయిడ్లు ముందుగానే పెద్ద అక్షరాల్లో, బొమ్మలతో అచ్చువేసి ఇవ్వండి. ఏ భాగం తనది, దాని తర్వాత ఎవరు మాట్లాడతారు అన్నది కలిసి సాధన చేయండి. ఆటిజం ఉన్న సహ ట్రైనర్‌ను గది గురించి అడగండి: ట్యూబులైటు మిణుకుతోందా, ఫ్యాను మోత ఇబ్బంది పెడుతోందా, విరామంలో ఒంటరిగా కూర్చోవడానికి చోటుందా. మధ్యలో ఆపాలనిపిస్తే చూపడానికి ఒక సైగ అనుకోండి. పారితోషికం సంగతి కూడా మొదట్లోనే తేల్చండి. వాళ్లు సాయానికి వచ్చినవారు కాదు, మీలాగే పనికి వచ్చిన ట్రైనర్లు. ప్రభుత్వ భత్యాలు అందుకునేవారికి ఈ ఆదాయం వల్ల భత్యం తగ్గవచ్చు కనుక ముందే సలహా ఇప్పించాలి.

ఇక తరగతిలో తరచూ ఎదురయ్యే సందర్భం ఒకటి చెబుతాను. వెనక వరుసలోని నర్సు, ఆటిజం ఉన్న ట్రైనర్ ఎదురుగానే ఉన్నా, మీ వైపు తిరిగి ‘ఆయనకు ఇంజెక్షన్ అంటే భయమా?’ అని అడుగుతారు. జవాబు మీకు తెలిసినా చెప్పకండి. ‘ఆయన్నే అడగండి’ అనండి. ఆయన ఆలోచించుకునేదాకా గదిలో నిశ్శబ్దం ఉండనివ్వండి. పది సెకన్లు పట్టినా మధ్యలో అందుకోకండి. రోగితో అచ్చం ఇలాగే మాట్లాడాలని ఆ గదిలోని వాళ్లందరికీ అప్పుడు కళ్లారా తెలుస్తుంది.

ఇంకో ఉదాహరణ. ఆటిజం గానీ మేధో వైకల్యం గానీ ఉండి, తలను గోడకేసి కొట్టుకునే మనిషిని ‘వాళ్లు అంతే’ అని వదిలేస్తే, దాని వెనకున్న పంటి నొప్పో మలబద్ధకమో బయటపడదు. మలబద్ధకంతోనే ప్రాణం పోయినవారు ఉన్నారు. ఈ విషయాన్ని మీరు చెబితే సమాచారం. నొప్పి అనుభవించినవారు చెబితే తర్వాతి షిఫ్టులోనే నర్సు చేతలు మారతాయి.

గుర్తింపు వచ్చాక

తరగతులు నడిపే తీరును పరిశీలించి అభిప్రాయం చెప్పేవారుంటారు. దాన్ని తప్పుపట్టడంగా చూడకండి. ముగ్గురూ కూర్చుని ప్రతి తరగతి తర్వాత మాట్లాడుకోండి, ముందు సహ ట్రైనర్లు చెప్పాక మీరు చెప్పండి.

మన వాళ్లకు ప్రత్యేకంగా ఒక జాగ్రత్త. స్పాన్సర్‌షిప్ వీసా మీద ఉన్నవారు సొంతంగా ఫీజు తీసుకుని శిక్షణ ఇవ్వబోయే ముందు వీసా షరతులు చూసుకోవాలి. మీరు పనిచేస్తున్న సంస్థ తరఫున, మీ ఉద్యోగంలో భాగంగా శిక్షణ ఇవ్వడమే సురక్షితం. ఆ ఏర్పాటు గురించి మేనేజరుతో రాతపూర్వకంగా మాట్లాడుకున్నాకే కోర్సుకు పేరు ఇవ్వండి.