జనాభా పెరుగుదల, నాలుగో పాఠం: గుడ్ల సంఖ్య, తరం వ్యవధి

జీవులను వేగంగా పెరిగేవి, నెమ్మదిగా పెరిగేవి అని రెండు గుంపులు చేయమన్న గత పాఠం చివరి ప్రశ్నకు వచ్చిన సమాధానాలలో చాలా భాగం ఒకే చోట తడబడ్డాయి. జనవరి నుంచి మార్చి వరకు చెన్నైలోని బెసంట్ నగర్ తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు గూటికి నూరుకు పైగా గుడ్లు పెడుతుంది కనుక, దానిని దోమతో పాటు వేగంగా పెరిగే జీవుల గుంపులో చేర్చేశారు. 22 నెలలు మోసి ఒక్క పిల్లను కనే ఏనుగు విషయంలో ఎవరూ పొరబడలేదు. దాని జోలికి మళ్లీ పోను. ఈసారి మొదలుపెట్టవలసిన సమీకరణాన్ని వాయిదా వేసి తాబేలునే చూద్దాం.

డెంగీని వ్యాపింపజేసే ఈడిస్ దోమ కూడా విడతకు ఇంచుమించు నూరు గుడ్లే పెడుతుంది. మేడ మీది డ్రమ్ములో నీటిమట్టానికి కాస్త పైన, లోపలి గోడకు నల్లని నలుసుల్లా అంటుకుని ఉండేవి అవే. నీరు ఇంకిపోయినా నెలల తరబడి చావక, మళ్లీ తడి తగలగానే పొదుగుతాయి. గుడ్ల లెక్క ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడుంది? వెచ్చని వాతావరణంలో గుడ్డు నుంచి దోమ తయారవడానికి పది రోజులు చాలు, తాబేలు పిల్ల తల్లి కావడానికి పది పదిహేనేళ్లు పడుతుంది.

రెండింటిలోనూ ఒక్కో తల్లికి, గుడ్లు పెట్టే వయసుకు చేరిన ఆడ సంతానం రెండే మిగిలాయనుకోండి. తరం వ్యవధి అంటే గుడ్డు నుంచి మొదలై, అది తల్లయి మళ్లీ గుడ్లు పెట్టేదాకా పట్టే కాలం. దోమ తరం 15 రోజులు, తాబేలు తరం 15 ఏళ్లు అనుకుంటే, ఏడాదిలో దోమకు 24 తరాలు గడుస్తాయి. ఒక్క ఆడదోమను 24 సార్లు రెట్టింపు చేస్తే 1,67,77,216 అవుతుంది, తాబేలు ఇంకా ఒకటి దగ్గరే ఉంటుంది. కనుక గుడ్లు లెక్కపెట్టి వేగం చెప్పకండి. నేను మొదట అడిగేది తరం వ్యవధి, తరువాత ఎన్ని గుడ్లు తల్లులవుతాయన్నది. గుడ్ల సంఖ్య మూడోది. 1967లో జీవావరణ శాస్త్రవేత్తలు మెకార్థర్, విల్సన్ ప్రతిపాదించిన ఆర్, కె విభజనను (త్వరగా ఎదిగి ఎక్కువ సంతానం కనేవి ఆర్, నెమ్మదిగా ఎదిగి తక్కువ సంతానం కనేవి కె) పరీక్ష కోసం నేర్చుకోండి గాని, తాబేలు ఆ రెండు గదులలో దేనిలోనూ సరిగా ఇమడదు.

అభ్యాసం: ఒక ఆడ తాబేలు జీవితంలో 10 గూళ్లు, గూటికి 110 గుడ్లు పెడుతుందని, సగం ఆడవని అనుకోండి (ఇసుక వేడిని బట్టి ఇది మారుతుంది, ప్రస్తుతానికి వదిలేయండి). జనాభా నిలకడగా ఉండాలంటే ఎన్ని ఆడ గుడ్లలో ఒకటి తల్లి కావాలి? 2025 జనవరిలో చెన్నై తీరానికి వందల కొద్దీ తాబేళ్ల కళేబరాలు కొట్టుకొచ్చాయి. ట్రాలర్ వలల్లో చిక్కి పెద్దవి ఇలా చనిపోతూ సగటు గూళ్లు 4కు పడిపోతే ఆ నిష్పత్తి ఎంత కావాలి? 50 శాతం పొదిగే గుడ్లను సంరక్షణ కేంద్రంలో 80 శాతం పొదిగేలా చేస్తే లోటు పూడుతుందా? అవునని, కాదని రాసి ఊరుకుంటే దిద్దను. ఎన్ని రెట్లు కావాలో, ఎన్ని రెట్లు దొరుకుతుందో రెండూ చూపించండి.