వడ్డీ హరామ్ సరే, లెక్క ఎవరు చూస్తారు?

నెల్లూరు కోటమిట్టలో మా చిచ్చాకి (బాబాయికి) బైక్ సీట్లు కుట్టే షాపు ఉంది. బ్యాంకు వడ్డీ హరామ్, అంటే మతంలో నిషేధం, అని ఆయన ఇరవై ఏళ్లుగా డబ్బులు బీరువాలో చీరల కింద దాచేవాడు. అదే మనిషి కూతురి పెళ్లికి లక్ష రూపాయలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. నెలకి 3,000 చొప్పున మూడేళ్లలో 1,08,000 కట్టాడు, అసలు మాత్రం అంగుళం కదల్లేదు. వడ్డీ తీసుకుంటే పాపం, కడితే అవసరం అన్నట్టు నడుస్తుంది మన ఇళ్లలో. ప్రవక్త మాటలు చెప్పే హదీసులో మాత్రం వడ్డీ తినేవాడినీ, తినిపించేవాడినీ, రాసేవాడినీ, సాక్షుల్నీ ఒకే గాటన కట్టారు.

నేను మతపరమైన తీర్పు (ఫత్వా) చెప్పే ముఫ్తీని కాదు, ఆడిటర్ని అంతకన్నా కాదు. చిచ్చా లెక్కలు సర్దడానికి కూర్చున్నప్పుడు నేర్చుకున్నది చెప్తున్నా, ఫత్వా కావాలంటే మీ మసీదులో అడగండి.

ముందు ఒక నోట్‌బుక్ కొనండి. ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ (వాక్యం) అప్పు రాసుకోవడం గురించే, సూరా బఖరా 282. గడువు పెట్టుకోండి, రాయండి, సాక్షుల్ని పెట్టుకోండి అని అంత వివరంగా ఉంటే, మనం మాత్రం "తమ్ముడి దగ్గర కాగితం ఏంటి, బాగోదు" అని వదిలేసి నాలుగేళ్లకి మాటల్లేకుండా అయిపోతాం. ఇవ్వాల్సింది ఒక పక్క, రావాల్సింది ఒక పక్క రాసి, వడ్డీ ఉన్న ప్రతి అప్పు పక్కన ఏడాదికి ఎంత శాతమో వేయండి. నూటికి నెలకి రెండు రూపాయలంటే 24 శాతం, మూడంటే 36. "రెండు రూపాయలేగా" అంటే చెవికి చిన్నగానే ఉంటుంది, 24 అని రాసి చూస్తే కడుపులో తిప్పుతుంది. అన్నిటికంటే ఎక్కువ వడ్డీ ఉన్న అప్పు ముందు తీర్చండి, అవసరమైతే వాడని నగ ఒకటి అమ్మైనా సరే. తాకట్టు పెడితే మళ్లీ వడ్డీయే కదా.

బ్యాంకు ఖాతా లేకుండా ఈ రోజుల్లో కుదరదు. సేవింగ్స్ ఖాతాలో మామూలుగా మూడు నెలలకోసారి వడ్డీ పడుతుంది. దాన్ని బ్యాంకుకే వదిలేయకుండా బయటికి తీసి, పుణ్యం ఆశించకుండా పేదవాళ్లకి ఇచ్చేయమని చాలామంది ఉలమాలు (మత పండితులు) చెప్తారు. జకాత్ (ఏటా తప్పనిసరిగా ఇవ్వాల్సిన దానం) కింద మాత్రం జమ వేసుకోకూడదు. ఇచ్చేశాం కదా అని ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు ఊరుకోరు, ఆ వడ్డీ మీ ఆదాయం కిందే లెక్క. నామినీ పేరు రాయించారో లేదో కూడా పనిలో పనిగా చూసుకోండి.

చీటీల విషయంలో ఒక తేడా ఉంది. వేలం చీటీలో అవసరం ఉన్నవాడు లక్ష చీటీని 75 వేలకి పాడుకుంటే, మిగతా పాతిక వేలు అందరూ పంచుకుంటారు. ఇది వడ్డీ లాంటిదే అని ముఫ్తీలు వద్దంటారు. మా ఖాలా (పిన్ని) వాళ్లు వీధిలో వేసే చీటీని కమిటీ అంటారు, అందులో వేలం ఉండదు, పేర్లు రాసిన కాగితాలు తీస్తారు, పేరు వచ్చినవాళ్లకి పూర్తి మొత్తం ఇస్తారు. దానితో పేచీ లేదు, కాకపోతే మొహాలు తెలిసినవాళ్ల మధ్యే వేసుకోండి.

ఇక జకాత్. తప్పులన్నీ ఇక్కడే. 2.5 శాతం అని అందరికీ తెలుసు, దేని మీద అన్నది తెలియదు. నిసాబ్ అంటే జకాత్ కట్టాల్సొచ్చే కనీస ఆస్తి, బంగారమైతే 87.48 గ్రాములు, మన లెక్కలో దాదాపు 11 సవర్లు, వెండైతే 612.36 గ్రాములు. మన వైపు ఎక్కువమంది హనఫీ పద్ధతి పాటించేవాళ్లు కాబట్టి ఒంటి మీద వేసుకునే నగలు కూడా లెక్కలోకి వస్తాయి. భార్య నగలు భార్యవే, ఆమె జకాత్ ఆమెదే, భర్త షాపు లెక్కలో కలిపేయకూడదు.

చిచ్చా లెక్క ఇలా వచ్చింది. షాపులో రెగ్జిన్, ఫోమ్, అమ్మకానికి పెట్టిన సీట్లు కలిపి ఆ రోజు ధరకి 3,00,000. చేతిలో, బ్యాంకులో 60,000. అరువు రావాల్సింది 40,000. హోల్‌సేల్ వాళ్లకి, వడ్డీ ఆయనకి ఇవ్వాల్సింది 1,80,000 తీసేస్తే 2,20,000, దాని మీద జకాత్ 5,500. కుట్టుమిషన్లు లెక్కలోకి రావు, అవి పనిముట్లు. ఇన్నాళ్లూ ఆయన రంజాన్‌లో చేతికొచ్చింది పంచి అదే జకాత్ అనుకున్నాడు.

చిచ్చా భార్య, మా చిచ్చీ లెక్క ఇంకా విచిత్రం. ఆమెకి ఐదు సవర్ల బంగారం ఉంది. నిసాబ్‌కి సగం కూడా లేదు కదా అనుకుంటాం. కానీ ఆమె డబ్బాలో ఖర్చులు పోను మిగిలిన రెండు వేలున్నాయి. బంగారంతో పాటు నగదు ఉంటే రెండూ కలిపి వెండి నిసాబ్‌తో పోల్చమంటారు హనఫీలు, ఆ వెండి విలువ ఇప్పుడు ఒక సవర బంగారానికి అటూ ఇటూగా ఉంటుంది. గ్రాము పదివేలు అనుకుంటే 40 గ్రాములకి 4,00,000, రెండు వేలు కలిపి జకాత్ 10,050. చిచ్చా కంటే ఆమే ఎక్కువ కట్టాలి! జకాత్ ఏడాది లెక్కకి తేదీ కూడా హిజ్రీ (ముస్లిం క్యాలెండర్) దే పట్టుకోండి, ఆ ఏడాది ఇంగ్లీషు ఏడాది కంటే దాదాపు 11 రోజులు తక్కువ.

ఇంకొకటి, "హలాల్ లాభం" అని నెలనెలా ఇంత అని ఖాయంగా ఇస్తామనేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. భాగస్వామ్యంలో లాభంలో ఎంత వాటా అన్నది ముందే చెప్పుకోవచ్చు, ఇన్ని రూపాయలు ఖాయం అని చెప్పకూడదు, అలా చెప్తే అది వేషం మార్చిన వడ్డీయే. 2019లో బెంగళూరులో ఐఎంఏ అనే "హలాల్" పెట్టుబడుల కంపెనీ కూలినప్పుడు ఎంతమంది ఇళ్లు మునిగాయో గుర్తుందిగా. మన దేశంలో ఇస్లామిక్ బ్యాంకింగ్ ఆలోచనని 2017లోనే ఆర్‌బీఐ పక్కన పెట్టింది, కాబట్టి ఆ మాట ఎవరన్నా అంటే కాగితాలు అడగండి. షరియా (ఇస్లాం చట్టం) ప్రకారం వడపోసిన మ్యూచువల్ ఫండ్లు ఉన్నాయి, టాటా ఎథికల్ ఫండ్ లాంటివి. అప్పు ఎక్కువున్న కంపెనీలు, బ్యాంకులు, మద్యం అందులో ఉండవు. మార్కెట్ పడితే మాత్రం అవీ పడతాయి, పెళ్లి డబ్బులు పెట్టకండి.

మా నెల్లూరు రొట్టెల పండగకి స్వర్ణాల చెరువులో దిగి, డబ్బు కలిసిరావాలని ధన రొట్టె పట్టుకున్నవాళ్లు కూడా ఇంటికెళ్లి నోట్‌బుక్ తెరవొచ్చు, రొట్టె ఏమీ అనుకోదు.

చిచ్చా మొన్న తన నోట్‌బుక్ చూపించాడు. సగం ఉర్దూ, సగం తెలుగు, అంకెలు మాత్రం గుండ్రంగా ఉన్నాయి. రావాల్సినవాళ్ల పేజీలో మొదటి పేరు నాదే: 4,000, 2021 బక్రీద్ ముందు, సాక్షి చిచ్చీ.