జూనియర్ ఐస్ హాకీ జట్టు ఎంపికపై వాదించడం – మూడో పాఠం: ఎవరిని తీసేస్తారు?

కిందటి పాఠం చివర మీకొక పని అప్పగించాను. 2025 ప్రపంచ జూనియర్ పోటీలకు (ఇరవై ఏళ్లలోపువారివి, 2024 డిసెంబరు చివర మొదలైనవి) కెనడా తరఫున 25 మందిని మీరే ఎంచి కాగితం మీద రాసుకోమన్నాను. ఆ కాగితం పక్కన పెట్టుకుని ఈ పాఠం చదవండి. మీరు ఎవరెవరి పేర్లు రాశారో ఇవాళ అడగను. ఎవరెవరిని వదిలేశారో అడుగుతాను.

ఎంపిక మీద జరిగే గొడవలు చాలావరకు ఒకే మాట దగ్గర ఆగిపోతాయి: "ఫలానా కుర్రాణ్ణి తీసుకోకపోవడం అన్యాయం." అది బాధ. ఆ బాధ నిజమైనదే, డిసెంబరు వచ్చిందంటే నేనూ పడతాను. కానీ ఎదుటివాడి మనసు మార్చే బలం దానికి ఉండదు. జాబితాలో గళ్లు 25. ఇరవయ్యారోది లేదు. ఒక పేరు కొత్తగా రాయాలంటే ఉన్న పేరొకటి కొట్టేయాలి. కొట్టేసిన పేరును పైకి చెప్పి, ఎందుకు కొట్టేశారో కూడా చెప్పగలిగిన క్షణం నుంచే మీది వాదన అవుతుంది. ఈ పాఠంలో నేర్చుకునే విద్య అదొక్కటే. చిన్నదిగా కనిపిస్తుంది గానీ చేయడం కష్టం.

ముందు లెక్క సరిచూసుకోండి. ముగ్గురు గోల్‌కీపర్లు, ఎనిమిది మంది డిఫెండర్లు, పద్నాలుగు మంది ఫార్వర్డ్‌లు: కెనడా ఆ ఏడాది ఎంచుకున్న కూర్పు ఇది. వీరిలో ఏ మ్యాచ్‌లోనైనా ఆడేందుకు సిద్ధమయ్యేది ఇద్దరు గోల్‌కీపర్లు, మరో ఇరవై మంది మాత్రమే. 2005 జనవరి 1కి ముందు పుట్టినవాళ్లెవరైనా మీ కాగితం మీద ఉంటే వయసు దాటినట్టే, తీసేయండి.

మక్లిన్ సెలెబ్రీని పేరు రాసినవాళ్లు కూడా దాన్ని కొట్టేయాలి. అతను 2024 పోటీల్లో పదిహేడేళ్ల వయసులో కెనడాకు ఆడాడు. ఏడాది తిరిగేసరికి ఉత్తర అమెరికాలోని ప్రధాన ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో సాన్ హోసే షార్క్స్ ఆటగాడు అయ్యాడు. కానర్ బెడార్డ్ 2005లో పుట్టాడు, వయసు ప్రకారం అర్హుడే, కానీ షికాగో బ్లాక్‌హాక్స్‌లో ఉన్నాడు. ఎన్‌హెచ్‌ఎల్ క్లబ్బు ఆటగాణ్ణి వదిలితేనే జూనియర్ జట్టుకు దక్కుతాడు. ఈ సంగతి ఎంత పెద్దదో 2005 పోటీలు చూపించాయి. ఆ ఏడాది యాజమాన్యాలకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య వివాదంతో ఎన్‌హెచ్‌ఎల్ మూతపడి ఉంది. అంతకుముందే బోస్టన్ బ్రూయిన్స్‌కు ఒక సీజన్ మొత్తం ఆడిన పాట్రిస్ బెర్జెరాన్ దాంతో కెనడా జూనియర్లకు దొరికాడు. సిడ్నీ క్రాస్బీ, కోరీ పెర్రీలతో కలిసి ఒకే లైన్‌లో, అంటే ఒకేసారి మంచు మీదకు దిగే ముగ్గురు ఫార్వర్డ్‌ల బృందంలో, ఆడాడు. ఆ జట్టు ఆరు మ్యాచ్‌లూ గెలిచి 41 గోల్స్ చేసింది, 7 ఇచ్చింది. కాబట్టి "బెడార్డ్ ఉండి ఉంటే" అనే మాట ఎంపికదారుల మీద ఆరోపణ కాజాలదు. అయితే అతను లేడన్న సంగతి మీ వాదనకు పనికొస్తుంది. ఎలాగో కాసేపట్లో చూద్దాం.

ఇక అసలు కసరత్తు. 2024 డిసెంబరులో కెనడా అంతటా ఎక్కువగా వినిపించిన పేర్లలో ఒకటి జేన్ పరేఖ్. అతను డిఫెండర్. 2023-24 సీజన్‌లో అంటారియో హాకీ లీగ్‌లో సాగినా స్పిరిట్ తరఫున 66 మ్యాచ్‌లు ఆడి 33 గోల్స్ కొట్టాడు. సహచరుల గోల్స్‌కు అందించిన పాస్‌లు కలిపితే 96 పాయింట్లు. వెనక నిలబడి కాపలా కాయాల్సిన ఆటగాడి లెక్క ఇది! ఆ వసంతంలోనే సాగినా జూనియర్ క్లబ్బుల అత్యున్నత పోటీ అయిన మెమోరియల్ కప్ గెలిచింది. ఎన్‌హెచ్‌ఎల్ క్లబ్బులు కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో కాల్గరీ ఫ్లేమ్స్ అతన్ని తొమ్మిదో స్థానంలో తీసుకుంది. అయినా ఆ 25 మందిలో అతను లేడు. ఇంటిపేరు మనకు పరిచితం కాబట్టి అతని మీద ముచ్చట కలగడం సహజం. ఆ ముచ్చటను ఇంట్లో ఉంచుకోండి, వాదనలోకి తేకండి.

మొదటి ప్రయత్నంగా అందరూ అనే మాట ఇది: "96 పాయింట్లు చేసినవాణ్ణి వదిలేస్తారా?" దీనికి సులభంగా జవాబు చెప్పేయవచ్చు. ఆ పాయింట్లు ఒక లీగ్‌లో, ఒక క్లబ్బులో, దాడి బాధ్యత అతని చేతికిచ్చిన పరిస్థితుల్లో వచ్చాయి. దేశం జట్టులో ఆ బాధ్యత అతనికి దక్కుతుందా? పవర్ ప్లే సమయంలో, అంటే పెనాల్టీ వల్ల ఎదుటి జట్టులో ఒకరు తక్కువైనప్పుడు, ఐదుగురు దాడికి దిగితే, వెనక నీలి గీత దగ్గర నిలబడి ఆట నడిపే డిఫెండర్ సాధారణంగా ఒక్కడే. రెండు బృందాలు కలిపి చూసినా రెండు కుర్చీలు. ఆ కుర్చీలకు మాథ్యూ షేఫర్, సామ్ డికిన్సన్, టానర్ మోలెండైక్ అప్పటికే పోటీలో ఉన్నారు. అంటే ఎంపిక చేసేవాళ్లు చూసేది పాయింట్ల పట్టికను కాదు, ఖాళీగా ఉన్న పనులను.

మన ఇళ్లలోనూ ఈ గొడవ జరిగింది. 2019 ఏప్రిల్‌లో వన్డే ప్రపంచకప్ జట్టులో అంబటి రాయుడికి చోటు దక్కలేదు. విజయ్ శంకర్ బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ మూడింటా ఉపయోగపడతాడని సెలెక్టర్ల ఛైర్మన్ ఎం.ఎస్.కె. ప్రసాద్ కారణం చెప్పారు. దానికి బదులుగా రాయుడి పరుగులు చూపించినవాళ్లు వేరే ప్రశ్నకు జవాబు చెప్పారు. "నాలుగో స్థానంలో దిగేవాడు చేయాల్సిన పని ఏమిటి, దాన్ని ఎవరు బాగా చేస్తారు?" అని అడిగినవాళ్లు సరైన చోట పట్టుకున్నారు.

పరేఖ్ విషయంలో సరైన చోటు ఏది? చేతివాటం దగ్గర మొదలుపెట్టండి. కుడి వైపు ఆడే డిఫెండర్‌ది కుడిచేతివాటం అయితే, పక్కగోడ వెంబడి వచ్చే పక్‌ను (ఆటలో కొట్టే రబ్బరు బిళ్లను) కర్ర ముఖంతో సులభంగా అందుకుని మైదానం మధ్యలోకి పంపగలడు. ఎడమచేతివాటం వాడు అదే పనికి కర్రను తిరగేయాలి, అరక్షణం పోతుంది. అరక్షణంలో ప్రత్యర్థి మీద పడతాడు. కెనడా ఎనిమిది మందిలో ఐదుగురిది ఎడమచేతివాటం. కుడిచేతివాటం వాళ్లు ముగ్గురే: ఆలివర్ బాంక్, ఆండ్రూ గిబ్సన్, బో ఏకీ. పరేఖ్‌దీ కుడిచేతివాటమే. ఇప్పుడు మీ ప్రశ్న చిన్నదైంది. ఎనిమిది మందితో పోల్చక్కర్లేదు, ఈ ముగ్గురితో పోలిస్తే చాలు.

బాంక్ పవర్ ప్లేలో గోల్ ముందు, గుంపు మధ్యలో నిలబడి ఆడగలడు. డిఫెండర్లలో అలాంటివాళ్లు అరుదు. పైగా అప్పట్లో డికిన్సన్‌తో కలిసి లండన్ నైట్స్ క్లబ్బులో ఆడేవాడు. గిబ్సన్ పొడగరి, గట్టి మనిషి. పెనాల్టీ వల్ల మన జట్టులో ఒకరు తక్కువైన రెండు నిమిషాలు గోల్ కాపాడటానికి అలాంటివాడు కావాలి. ఏకీ స్కేటింగ్ హాయిగా ఉంటుంది, పక్‌ను వెనకనుంచి ముందుకు తీసుకెళ్లడం అతని బలం. పరేఖ్ ఆ పనీ చేస్తాడు, దానిపైన దాడి కూడా చేస్తాడు.

కాబట్టి నా వాదన ఇది: "ఏకీ స్థానంలో పరేఖ్‌ను తీసుకోవాలి. పక్‌ను బయటికి తెచ్చే పనికి లోటు రాదు. పెనాల్టీ వేళ కాపాడటానికి గిబ్సన్, బాంక్ ఉండనే ఉన్నారు. సెలెబ్రీని, బెడార్డ్ రారని ముందే తెలుసు కాబట్టి ఈ జట్టుకు గోల్స్ కరువయ్యే ప్రమాదం ఉంది. నీలి గీత దగ్గర నుంచి గోల్ కొట్టగలవాడు ఒకడు అదనంగా కావాలి." ఏకీ పేరు కొట్టేయడం నాకు సంతోషం కలిగించలేదు. జీవితంలో ఒకటి రెండుసార్లు మాత్రమే దక్కే అవకాశం అది. ఆ బరువు తెలిసి రాసిన వాక్యానికీ కోపంలో రాసిన వాక్యానికీ తేడా వినేవాళ్లకు తెలిసిపోతుంది.

ఇప్పుడు నన్నే ఓడించండి. ఎదుటి పక్షం వాదన బలహీనంగా చెప్పి ఓడించానని సంబరపడకూడదు, దాన్ని పూర్తి బలంతో నిలబెట్టాలి. నేనే నిలబెడతాను: ఈ పోటీల్లో గ్రూపు దశలో నాలుగు మ్యాచ్‌లు, ఆ తర్వాత క్వార్టర్ ఫైనల్. అక్కడ ఒక్క ఓటమితో ఇంటికే. అరవై ఎనిమిది మ్యాచ్‌ల సీజన్‌లో ఒక పొరపాటు మరుసటి వారం సర్దుకుంటుంది, ఇక్కడ సర్దుకునే రోజు ఉండదు. పరేఖ్ తన గోల్ ముందు కాపలా కాయడంలో సడలుతాడన్న సందేహాలు ఆ రోజుల్లో తరచూ వినిపించేవి. వెనక నిలబడేవాడి పొరపాటు నేరుగా గోల్ అవుతుంది. కోచ్ డేవ్ కామెరాన్ స్థానంలో ఉంటే మీరు ఆ భయాన్ని తీసిపారేయగలరా? నేనైతే పూర్తిగా తీసిపారేయలేను. అయినా ఎనిమిది మందిలో ఒకడికి, పెనాల్టీ వేళ మంచు మీదకు పంపక్కర్లేని ఒకడికి చోటుందనే అంటాను.

కెనడాలో ఒకప్పుడు ఈ వాదనలకు పెద్దగా పనే ఉండేది కాదు. 1981 వరకు చాలాసార్లు ఏదో ఒక క్లబ్బునే, ముఖ్యంగా అంతకుముందు మెమోరియల్ కప్ గెలిచినదాన్ని, కొందరిని చేర్చి పంపేవారు. కలిసి ఆడినవాళ్లు కాబట్టి కలిసికట్టుగా ఆడతారన్నది నమ్మకం. 1981లో కార్న్‌వాల్ రాయల్స్ వెళ్లి ఏడో స్థానంలో మిగిలింది. మరుసటి ఏడాది నుంచి దేశమంతటా వెతికి ఎంచడం మొదలుపెట్టారు, 1982లోనే స్వర్ణం వచ్చింది. ఒకే క్లబ్బువాళ్ల సాన్నిహిత్యం అనే కారణాన్ని మీరు వాడుకోవచ్చు, బాంక్-డికిన్సన్ జంట గురించి నేనూ వాడాను. దాన్ని ఊతంగా వాడండి, పునాదిగా వాడకండి.

ఇక ఈ విద్యలో అందరూ జారిపడే చోటు. ఆ పోటీలు జరిగిన ఒట్టావాలో ఏమైందో మీకు తెలుసు. ఫిన్లాండ్‌పై 4-0తో మొదలుపెట్టిన కెనడా మరుసటి రోజే లాట్వియా చేతిలో షూటౌట్‌లో 3-2తో ఓడింది. ఈ పోటీల్లో లాట్వియా కెనడాను ఓడించడం అదే మొదటిసారి. జర్మనీపై 3-0తో గెలిచింది, అమెరికా చేతిలో 4-1తో ఓడింది. క్వార్టర్ ఫైనల్లో చివరి నిమిషంలో గోల్ ఇచ్చి 4-3తో చెకియా ముందు తలవంచింది. ఐదు మ్యాచ్‌ల్లో 13 గోల్స్. "చూశారా, గోల్స్ కొట్టేవాళ్లను వదిలేసినందుకే!" అని దేశమంతా అంది.

కాగితం మధ్యలో నిలువు గీత గీయండి. ఎడమ వైపు: జట్టు ప్రకటించిన రోజుకు తెలిసినవి. కుడి వైపు: ఆ తర్వాత తెలిసినవి. 13 గోల్స్ లెక్క కుడి వైపుకే వెళుతుంది. లాట్వియా గోల్‌కీపర్ లినార్డ్స్ ఫెల్డ్‌బెర్గ్స్ ఆ రాత్రి యాభైకి పైగా షాట్లు ఆపాడు. వాటిలో రెండు అతని చేతికి తగలకుండా లోపలికి వెళ్లి ఉంటే, ఏకీ-పరేఖ్ విషయంలో మీ అభిప్రాయం మారేదా? మారేదంటే మీరు ఫలితం నుంచి వాదిస్తున్నారు, ఎంపిక నుంచి కాదు. సెలెబ్రీని, బెడార్డ్ లేరన్నది మాత్రం ఎడమ వైపుది. నా వాదన దాని మీదే నిలబెట్టాను.

కొన్ని సంగతులు గీత మీద నిలబడతాయి, వాటి దగ్గర తొందరపడకండి. లాట్వియా మ్యాచ్‌లో షేఫర్ గోల్ స్తంభానికి గుద్దుకుని కంటె ఎముక (కాలర్‌బోన్) విరగ్గొట్టుకున్నాడు, ఆ పోటీల్లో మళ్లీ ఆడలేదు. అతను గాయపడతాడని ఎవరికీ తెలియదు, అది కుడి వైపు. కానీ ఎవరో ఒకరు గాయపడతారన్నది ఏ ఏడాదికైనా ఎడమ వైపుదే. "వెనకనుంచి దాడి నడిపే షేఫర్ పడిపోతే ఆ పని ఎవరు చేస్తారు?" అన్న ప్రశ్న ప్రకటన రోజునే అడగాల్సింది. పరేఖ్ తరఫున నాకు దొరికిన అన్నిటికన్నా మంచి ప్రశ్న ఇదే.

కోల్ హట్సన్ సంగతి కూడా అలా గీత మీద నిలబడేదే. స్వర్ణం గెలిచిన అమెరికా జట్టులో ఈ చిన్నపాటి డిఫెండర్ 11 పాయింట్లతో పోటీ మొత్తంలో మొదటి స్థానంలో నిలిచాడు. అంతకుముందు ఏ డిఫెండరూ ఆ పని చేయలేదు. 2024 డిసెంబరు వాదనలో హట్సన్‌ను సాక్ష్యంగా తేలేం. ఆ తర్వాతి ఏ డిసెంబరుకైనా అతను ఎడమ వైపు నిలబడే సాక్షి.

అభ్యాసం. బెకెట్ సెనెకీ, మైకేల్ మీసా ఇద్దరూ ఫార్వర్డ్‌లు, ఇద్దరూ ఆ జట్టులో లేరు. సెనెకీని 2024 డ్రాఫ్ట్‌లో ఆనహైమ్ డక్స్ మూడో స్థానంలో తీసుకుంది. మీసా 2024-25 సీజన్ ముగిసేసరికి సాగినాకు 65 మ్యాచ్‌ల్లో 134 పాయింట్లు చేశాడు. ఇద్దరిలో ఒకరిని ఎంచుకుని ఐదు వాక్యాలు రాయండి. మొదటి వాక్యంలో లోపలికి వచ్చే పేరు, బయటికి వెళ్లే పేరు రెండూ ఉండాలి. రెండోదానిలో పని ఏమిటో చెప్పండి. మూడోదానిలో బయటికి వెళ్లినవాడు చేసే పని ఇకపై ఎవరు చేస్తారో చెప్పండి. నాలుగోది ఎదుటి పక్షం వాదన, మీకు ఇబ్బంది కలిగేంత బలంగా. ఐదోది దానికి మీ జవాబు. మీసాను ఎంచుకున్నవాళ్లు ఒకటి గమనించాలి: ఆ 134లో జట్టు ప్రకటన తర్వాత వచ్చినవి గీతకు కుడి వైపువి, వాటిని వాడితే మళ్లీ రాయండి.

రాసినదాన్ని ఒక రోజు పక్కన పెట్టి, మీరు కొట్టేసిన కుర్రాడి తండ్రి చదువుతున్నాడనుకుని మళ్లీ చదవండి. ఎక్కడ మీ మాట తడబడిందో అక్కడ గుర్తు పెట్టుకోండి. నాలుగో పాఠంలో ఆ గుర్తుల దగ్గర నుంచే మొదలుపెట్టి, మంచు మీదకు దిగే అవకాశం దాదాపు లేని మూడో గోల్‌కీపర్‌ను ఎలా ఎంచాలో చూస్తాం.