ఓటరు కార్డు ఒక్కటే చాలదు: పోలింగుకు ముందే తీసుకోవలసిన జాగ్రత్తలు

గుర్తింపు కార్డు జేబులో ఉన్నా ఓటు వేయలేక పోలింగు కేంద్రం నుంచి తిరిగి వచ్చేవారిని ప్రతి ఎన్నికలోనూ చూస్తుంటాము. వారికి అడ్డుపడింది చాలా సందర్భాలలో కార్డు కాదు, జాబితా. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 62వ సెక్షను ప్రకారం ఓటరు జాబితాలో పేరు లేనివారికి ఆ నియోజకవర్గంలో ఓటు లేదు. వారి చేతిలో ఎన్ని కార్డులు ఉన్నా ఈ నియమం మారదు. మన రాష్ట్రంలో పంచాయతీ ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో, పురపాలక ఎన్నికలు అదే సంవత్సరం మార్చిలో జరిగాయి. ఆ పాలకవర్గాల గడువు అయిదేళ్లు కాబట్టి తిరుపతి, చిత్తూరు జిల్లాల ఓటర్లు ముందుగా జాబితాను, ఆ తరువాతే కార్డును చూసుకోవడం మంచిది.

జాబితాలో పేరు ఉన్నదో లేదో తెలుసుకోవడానికి ఎన్నికల సంఘం పోర్టల్‌లో ఓటరు కార్డు నంబరుతో వెతకవచ్చు, లేదా 1950 నంబరుకు ఫోను చేయవచ్చు. పేరు కనిపించగానే సంతృప్తి పడకుండా పార్టు నంబరు (జాబితాలో ఒక్కో పోలింగు కేంద్రానికి చెందిన భాగం సంఖ్య), క్రమసంఖ్య, పోలింగు కేంద్రం చిరునామా కూడా కాగితం మీద రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే పోలింగు కేంద్రాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు ఒకే ఇంటిలోని వారి పేర్లు కూడా వేర్వేరు పార్టులలోకి వెళ్లిపోతుంటాయి. తిరుపతిలో అద్దె ఇళ్లలో ఉంటూ రెండు మూడేళ్లకొకసారి ఇల్లు మారేవారు ఎక్కువ. ఇల్లు మారినప్పుడు ఫారం-8 ఇవ్వాలి. అదే ఫారంతో తప్పుల సవరణకూ, పోయిన కార్డు స్థానంలో కొత్త కార్డుకూ దరఖాస్తు చేసుకోవచ్చు. కొత్తగా నమోదయ్యేవారు ఫారం-6 ఇవ్వాలి. 2021లో జరిగిన చట్ట సవరణ తరువాత జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1 అనే నాలుగు అర్హత తేదీలు వచ్చాయి కాబట్టి పద్దెనిమిదేళ్లు నిండిన యువత మరుసటి జనవరి దాకా ఆగవలసిన పని లేదు. అయితే శాసనసభ, లోక్‌సభ ఎన్నికలలో నామినేషన్ల చివరి తేదీ దాటిన తరువాత జాబితాలో చేర్పులకు గాని తొలగింపులకు గాని వీలుండదు. దరఖాస్తు పరిశీలనకు కొన్ని రోజులు పడుతుంది కనుక నోటిఫికేషను వచ్చాక చూద్దామనుకునేవారు అప్పటికే ఆలస్యం చేసినట్టు.

తిరుపతి రూరల్ మండలంలో ఉంటూ తాము తిరుపతి నగరవాసులమే అనుకునేవారికి ఒక మాట. ఆ మండలం చంద్రగిరి శాసనసభ నియోజకవర్గంలో ఉంది. చంద్రగిరి తిరుపతి జిల్లాలోనే ఉన్నా లోక్‌సభ విషయంలో చిత్తూరు కిందికి వస్తుంది. పోలింగు రోజు ఉదయం నగరంలోని కేంద్రాల చుట్టూ తిరగకుండా ఉండాలంటే ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి.

సరిహద్దు మండలాల వారి జాగ్రత్త వేరు. నగరి, సత్యవేడు ప్రాంతాల నుంచి తమిళనాడుకు, కుప్పం, పలమనేరు వైపు నుంచి కర్ణాటకకు పనుల కోసం వెళ్లి అక్కడ కూడా పేరు నమోదు చేయించుకున్న కుటుంబాలు ఉన్నాయి. ఒక వ్యక్తి పేరు ఒకటి కంటే ఎక్కువ నియోజకవర్గాలలో ఉండరాదని ప్రజాప్రాతినిధ్య చట్టం, 1950 చెబుతున్నది. నమోదు సమయంలో తప్పుడు వాంగ్మూలం ఇస్తే ఏడాది వరకు జైలు గాని, జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. ఎన్నికల సంఘం 2025 అక్టోబరులో ప్రకటించిన రెండవ దశ ప్రత్యేక సమగ్ర సవరణలో (ఓటర్ల నుంచి మళ్లీ ఫారాలు తీసుకుని జాబితాను సరిచూసే పనిలో) తమిళనాడు కూడా ఉంది కాబట్టి, అక్కడ సంతకం చేసి ఫారం ఇచ్చినవారు ఇక్కడి పేరు ఏమైందో చూసుకుని, ఏ ఊరి ఓటు ఉంచుకోవాలో తామే నిర్ణయించుకుని, రెండవదానిని తామే తీసివేయించుకోవాలి. ఎవరో ఫిర్యాదు చేసి తీయించేదాకా ఆగితే ఏ ఓటు పోతుందో మన చేతిలో ఉండదు. 2019 ఎన్నికలకు ముందు ఇతరుల పేర్లతో ఆన్‌లైన్‌లో ఫారం-7 తొలగింపు దరఖాస్తులు పెద్ద సంఖ్యలో రావడం, దానిపై పోలీసు కేసులు నమోదు కావడం రాష్ట్రమంతా చూసింది. తొలగింపుకు ముందు నోటీసు ఇవ్వాలనే నియమం ఉన్నా, ఆ నోటీసు పాత చిరునామాకు వెళితే ప్రయోజనం ఉండదు. అందువల్ల జాబితాను ఒక్కసారి చూసి వదిలేయకుండా ముసాయిదా వెలువడినప్పుడూ, తుది జాబితా వెలువడినప్పుడూ చూడాలి.

ఇక కార్డు విషయం. 2024 సాధారణ ఎన్నికలలో ఓటరు కార్డు లేనివారు చూపదగినవిగా ఎన్నికల సంఘం పన్నెండు పత్రాలను ప్రకటించింది: ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫోటో ఉన్న బ్యాంకు లేక పోస్టాఫీసు పాసుపుస్తకం, కార్మిక శాఖ పథకం కింది ఆరోగ్య బీమా కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాన్ కార్డు, జాతీయ జనాభా పట్టిక స్మార్ట్ కార్డు, పాస్‌పోర్టు, ఫోటో ఉన్న పింఛను పత్రం, ప్రభుత్వ, ప్రభుత్వ రంగ సంస్థలు, పబ్లిక్ లిమిటెడ్ కంపెనీల ఉద్యోగుల గుర్తింపు కార్డు, చట్టసభ సభ్యుల కార్డు, దివ్యాంగుల విశిష్ట గుర్తింపు కార్డు. రేషను కార్డు ఇందులో లేదు. కళాశాల గుర్తింపు కార్డు కూడా లేదు. విశ్వవిద్యాలయ హాస్టళ్లలో ఉండే విద్యార్థులు దీనిని గమనించాలి. ఇంటికి వచ్చే ఓటరు స్లిప్పు దారి చూపడానికే గాని గుర్తింపుగా పనికిరాదు. స్థానిక సంస్థల ఎన్నికలను నిర్వహించేది రాష్ట్ర ఎన్నికల సంఘం కాబట్టి ఆ ఎన్నికలకు ఏ పత్రాలు చెల్లుతాయో అది విడిగా ఇచ్చే ఉత్తర్వులో చూసుకోవాలి. ఏ ఎన్నికైనా జిరాక్సు ప్రతిని, ఫోనులోని ఫోటోను నమ్ముకోకుండా అసలు పత్రం తీసుకెళ్లడం క్షేమం, ఫోనును లోపలికి అనుమతించరు గనుక.

పేర్లలో తేడాల గురించి మన జిల్లాలలో ఆందోళన ఎక్కువ. జాబితాలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనుక. సరిహద్దు ఊళ్లలో ఇంటిపేరుకు బదులు తండ్రి పేరులోని తొలి అక్షరం. పెళ్లయిన స్త్రీకి ఒకచోట తండ్రి పేరు, మరొకచోట భర్త పేరు. మనిషి ఎవరో తేలుతున్నప్పుడు ఇటువంటి అక్షర దోషాలను పట్టించుకోవద్దని ఎన్నికల సంఘమే అధికారులకు చెబుతుంది. వేరే నియోజకవర్గంలో ఇచ్చిన ఓటరు కార్డు కూడా, ఈ కేంద్రం జాబితాలో పేరు ఉంటే, చెల్లుతుంది. ఫోటో పోలనప్పుడు మాత్రం పన్నెండింటిలో మరొకటి చూపవలసి వస్తుంది. ఇరవై ఏళ్ల క్రితం ఫోటోతో ఉన్న కార్డు గలవారు రెండవ పత్రం కూడా వెంట ఉంచుకోవాలి.

ఫోటో గుర్తింపును తప్పనిసరి చేయవచ్చునా అనే వాదం మన దేశంలో కొత్తది కాదు. టి.ఎన్. శేషన్ ప్రధాన ఎన్నికల కమిషనరుగా ఉన్న 1993లో ఫోటో గుర్తింపు కార్డుల పథకం మొదలైంది. కార్డులు ఇవ్వకపోతే ఎన్నికలే జరపనని ఆయన పట్టుబట్టారు. పల్లెలో అభ్యర్థి తరపున కేంద్రంలో కూర్చునే పోలింగు ఏజెంటు ప్రతి ముఖాన్నీ గుర్తుపట్టగలడు గాని, యాత్రికులూ కొత్త కాపురాలూ నిత్యం వచ్చిపోయే తిరుపతి వంటి నగరంలో అది సాధ్యం కాదు కాబట్టి దొంగ ఓటును ఆపడానికి ఫోటో కావాలన్న వాదంలో బలం ఉంది. కాని, పత్రాలు లేనివారు ఎవరో కూడా చూడాలి. సత్యవేడు, సూళ్లూరుపేట ప్రాంతాలలోని యానాదుల కాలనీలలో ఆధార్ కూడా లేని కుటుంబాలు ఉన్నాయి. ఇంగ్లండులో 2023 మే స్థానిక ఎన్నికలలో తొలిసారి ఫోటో గుర్తింపు అడిగినప్పుడు, పోలింగు కేంద్రానికి వచ్చినవారిలో సుమారు 0.25 శాతం మంది గుర్తింపు లేక ఓటు వేయకుండానే వెళ్లిపోయారని అక్కడి ఎన్నికల కమిషన్ లెక్క తేల్చింది, అదీ ఉచిత ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు ఉండగా. నా అభిప్రాయంలో పత్రం అడగడం తప్పు కాదు. అడిగే ప్రభుత్వం అంతకు ముందే ఆ పత్రాన్ని గుడిసె దాకా తెచ్చి ఇవ్వకపోవడం తప్పు. అటువంటి కాలనీలలో పనిచేసే ఉపాధ్యాయులు, స్వచ్ఛంద సంస్థలు ఓటరు నమోదును, జాబ్ కార్డును, ఫోటో ఉన్న పాసుపుస్తకాన్ని ఎన్నికలకు నెలల ముందే కలిపి చేయిస్తే పోలింగు రోజు ఇబ్బంది తగ్గుతుంది.

కార్డు ఉన్నంత మాత్రాన దొంగ ఓటు ఆగిపోదనడానికి మన తిరుపతే ఉదాహరణ. 2021 ఏప్రిల్ 17న జరిగిన లోక్‌సభ ఉప ఎన్నికలో బయటివారిని బస్సులలో తెచ్చి ఓట్లు వేయించారని ప్రతిపక్షాలు ఆరోపించాయి. ఓటరు నమోదు అధికారి లాగిన్‌ను దుర్వినియోగం చేసి వేల సంఖ్యలో కార్డులు డౌన్‌లోడ్ చేశారన్న వ్యవహారంలో 2024 జనవరిలో ఒక ఐఏఎస్ అధికారి సస్పెండయ్యారు. కాబట్టి కార్డు గాని, దాని నకలు గాని ఏ పార్టీ కార్యకర్తకూ ఇవ్వరాదు. మీ ఓటు తొలగిపోతుందని బెదిరించి ఓటీపీ అడిగే ఫోనుకు జవాబు చెప్పనవసరం లేదు. మరొకరి ఓటు వేయడం భారతీయ న్యాయ సంహిత 174వ సెక్షను కింద ఏడాది వరకు జైలు శిక్షకు తగిన నేరం. ఊరికి రాలేని అన్న ఓటును తమ్ముడు వేయడం కూడా ఇందులోకే వస్తుంది.

పోలింగు రోజున వీలైనంత ఉదయాన్నే వెళ్లాలి, మే నెల ఎండ కోసమే కాదు. మన ఓటు మరొకరు వేయకముందే వేయడానికి కూడా. ఇంట్లో లేనివారు, ఇల్లు మారినవారు, మరణించినవారు అనే ప్రత్యేక జాబితాలో పొరపాటున పేరు చేరినవారిని గుర్తింపు విషయంలో మరింత గట్టిగా అడుగుతారు, సంతకంతో పాటు వేలిముద్ర కూడా తీసుకుంటారు, దానికి కోపగించుకోనక్కరలేదు. బురఖాలో వచ్చే స్త్రీలు తమ ముఖాన్ని మహిళా సిబ్బంది మాత్రమే చూడాలని కోరవచ్చు. ముగింపు సమయానికి వరుసలో ఉన్నవారందరికీ చీటీలు ఇస్తారు, వారు ఓటు వేసేదాకా పోలింగు ముగియదు. ఎనభై అయిదేళ్లు దాటినవారు, 40 శాతం వైకల్యం ఉన్నవారు శాసనసభ, లోక్‌సభ ఎన్నికలలో ఇంటి వద్దే ఓటు వేయాలనుకుంటే నోటిఫికేషను వచ్చిన అయిదు రోజులలోగా ఫారం-12డి ఇవ్వాలి.

జాబితాలో పేరు లేకపోయినా ఆధార్ చూపి ‘ఛాలెంజ్ ఓటు’ వేయవచ్చునని ప్రతి ఎన్నికకూ వాట్సాప్‌లో ఒక సందేశం తిరుగుతుంది. అది అబద్ధం. ఛాలెంజ్ అనేది వచ్చిన ఓటరు అసలు వ్యక్తి కాదని పోలింగు ఏజెంటు రెండు రూపాయలు కట్టి చేసే అభ్యంతరం. పోలింగు కేంద్రానికి బాధ్యుడైన ప్రిసైడింగ్ అధికారి అక్కడికక్కడే విచారించి తేలుస్తారు. అసలైన ఓటరు వచ్చేసరికి ఆ పేరు మీద ఓటు పడిపోయి ఉంటే మాత్రం గొడవ పడి వెళ్లిపోకుండా, 1961 ఎన్నికల నిర్వహణ నియమాలలోని 49-పి ప్రకారం టెండర్ ఓటు అడగాలి. గుర్తింపు తేలితే యంత్రం మీద కాకుండా కాగితపు బ్యాలెట్ మీద ఓటు వేయిస్తారు. దానిని కవరులో విడిగా ఉంచుతారు, మామూలు లెక్కింపులో కలపరు. అటువంటప్పుడు ఎందుకు వేయాలని చాలామంది అడుగుతారు. ఫలితం వెలువడిన 45 రోజులలోగా హైకోర్టులో ఎన్నికల పిటిషను వేయవచ్చు. మెజారిటీ బాగా తక్కువగా ఉన్నప్పుడు ఆ కవరే సాక్ష్యం. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారా శాసనసభ స్థానంలో ఒకే ఒక్క ఓటు తేడాతో గెలుపు తేలినప్పుడు టెండర్ ఓట్ల వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.