లెక్క పైకి చెప్పండి

నా మొదటి సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలో ఇరవై నిమిషాలు నోరు విప్పలేదు. జవాబు సరిగానే రాశాను, ఉద్యోగం రాలేదు. నరసరావుపేటలో నేను చదువుకున్న తెలుగు మాధ్యమం బడిలో తల వంచుకుని లెక్క చేసేవాడే బుద్ధిమంతుడు. ఇప్పుడు హైదరాబాదులో ఏడేళ్లుగా ప్రశ్నలు అడిగే కుర్చీలో కూర్చుంటున్నాను. మౌనంగా రాసేవారు ఎక్కడ చిక్కుకున్నారో నాకు తెలియదు, తెలియకపోతే చెయ్యి అందించలేను.

మా నాన్న కిరాణా కొట్టులో చిల్లర ఇచ్చేటప్పుడు "అరవై మూడు, ఇదిగో రెండు, అరవై అయిదు. ఇదిగో అయిదు, డెబ్బై. ఇదిగో ముప్పై, నూరు" అని పైకి చెబుతూ చేతిలో పెట్టేవారు. పొరపాటు పడితే కొన్నవారే అక్కడికక్కడ పట్టుకునేవారు. కోడింగ్ రౌండులో, అంటే ఇంటర్వ్యూలో ప్రోగ్రాం రాయించే దశలో, మీరు చేయవలసిందీ ఇదే.

తరచుగా అడిగే ప్రశ్న తీసుకుందాం: ఒక జాబితాలో ఏ రెండు సంఖ్యలను కలిపితే 50 వస్తుందో కనుక్కోవాలి. వెంటనే కీబోర్డు మీద పడకండి. ఒకే సంఖ్య రెండుసార్లు రావచ్చా? రుణ సంఖ్యలు ఉంటాయా? జత దొరకకపోతే ఏమి చూపాలి? జాబితా ఎంత పెద్దది? ఇవి అడిగితే తెలియక అడిగారని ఎవరూ అనుకోరు. తర్వాత 18, 7, 32 అని చిన్న జాబితా రాసి చేత్తో చేసి చూపండి.

అప్పుడు మొద్దు పద్ధతే చెప్పండి, సిగ్గుపడకుండా: ప్రతి జతనూ కలిపి చూడటం. వెయ్యి సంఖ్యలకు 4,99,500 జతలు, లక్ష సంఖ్యలకు దాదాపు 500 కోట్లు. ఆ అంకె మీ నోట వస్తే, వేరే దారి ఎందుకు కావాలో మళ్లీ చెప్పనక్కరలేదు. ఆ దారి హ్యాష్ టేబుల్, అంటే ఒక సంఖ్య ఇంతకుముందు నమోదైందో లేదో దాదాపు వెంటనే చెప్పే పట్టిక. 7 ఎదురైతే "దీనికి 43 కావాలి, ఇంతకుముందు వచ్చిందా?" అని వెతకాలి, రాకపోతే 7ను నమోదు చేసి ముందుకు సాగాలి. జాబితాను ఒక్కసారి చదివితే పని ముగుస్తుంది. బదులుగా మెమరీ ఖర్చవుతుందని కూడా అనండి. వెతకడం ముందు, నమోదు తర్వాత. ఈ వరుస తప్పితే 25 తనతో తానే జత కడుతుంది! నేను ఎక్కువగా చూసే పొరపాటు ఇదే.

ఇంగ్లీషు గురించి బెంగ వద్దు, పొట్టి వాక్యాలు చాలు.

ప్రాజెక్టు గురించి అడిగినప్పుడు మాత్రం మన మర్యాద మనకే అడ్డు వస్తుంది. "మేము చేశాం" అంటాం. అందులో మీరు రాసినది ఏది? "నేను" అనండి. అమెజాన్ తన 16 నాయకత్వ సూత్రాలను వెబ్‌సైటులోనే పెట్టింది. ఆ కంపెనీ ఇంటర్వ్యూకు వెళ్లేవారు అవి చదివి, ఒక్కొక్కదానికి తమ అనుభవం ఒకటి సిద్ధం చేసుకోవాలి. ఓడిపోయినదీ పనికి వస్తుంది.

జీతం దగ్గర కూడా నోరు మూసుకోకండి. సీటీసీలో, అంటే మీ మీద కంపెనీకి ఏడాదికయ్యే మొత్తం ఖర్చులో, కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ కూడా కలిపి చూపడం మామూలే. నెలకు చేతికి ఎంత వస్తుంది, నోటీసు పీరియడ్ ఎన్ని రోజులు, ఒరిజినల్ సర్టిఫికెట్లు అడుగుతారా అని సంతకానికి ముందే తేల్చుకోండి. నేను చేరిన మొదటి కంపెనీ నా డిగ్రీ పట్టాను రెండేళ్లు తన బీరువాలో పెట్టుకుంది. దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి నాలుగుసార్లు సెలవు పెట్టాను.