153 చేపల వచనం: మాటలూ అంకెలూ ఎలా చదవాలి

యోహాను సువార్త 21వ అధ్యాయం, 11వ వచనం. పేతురు దోనె ఎక్కి వల దరికి లాగితే అందులో 153 పెద్ద చేపలు ఉన్నాయి, అన్ని పడినా వల పిగల్లేదు. ఇంతే వచనం. దీని మీద పదహారు వందల ఏళ్లుగా లెక్కలు కడుతూనే ఉన్నారు, ఇప్పుడైతే వాట్సాప్‌లో "153 రహస్యం" అంటూ ఫార్వర్డ్‌లు కూడా తిరుగుతుంటాయి. వాటిలో ఏది నిలబడుతుంది, ఏది నిలబడదు అని మీ అంతట మీరే చూసుకోవచ్చు, దానికి గ్రీకు పండితులు కానక్కర్లేదు, ఒక తెలుగు బైబిలు, ఫోన్‌లో ఉచితంగా దొరికే గ్రీకు ఇంటర్‌లీనియర్ (ప్రతి గ్రీకు మాట కింద దాని అర్థం చూపించే బైబిలు) ఉంటే చాలు.

ముందు అంకె జోలికి పోకండి. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే, 153 కనపడగానే కాలిక్యులేటర్ తీస్తారు. మొదట మాటలు చూడాలి.

ఇంటర్‌లీనియర్‌లో ప్రతి గ్రీకు మాట పక్కన స్ట్రాంగ్స్ నంబరు, అంటే మూల భాషలో ఒక్కో మాటకి ఇచ్చిన సూచిక సంఖ్య, ఉంటుంది. "లాగెను" అన్న చోట 1670 కనపడుతుంది, మాట హెల్కువో. ఆ నంబరు మీద నొక్కి, యోహాను సువార్తలో అది ఇంకెక్కడ ఉందో చూడండి. మొత్తం ఐదు చోట్ల వస్తుంది: 6:44, 12:32, 18:10, 21:6, 21:11. ఇప్పుడు తెలుగు బైబిలు తెరిచి 6:44 చూస్తే తండ్రి "ఆకర్షించితేనే" అని ఉంటుంది, 12:32లో యేసు అందరినీ తన దగ్గరికి ఆకర్షించుకుంటానంటాడు. తెలుగులో వల లాగడం వేరు, మనుషుల్ని ఆకర్షించడం వేరు కాబట్టి అనువాదకులు సందర్భాన్ని బట్టి రెండు మాటలు వాడారు, అది సరైనదే. కానీ గ్రీకులో చదివేవాడికి అది ఒకటే మాట. పైగా 21:6లో శిష్యులందరూ కలిసి కూడా వల లాగలేకపోయారు, 11వ వచనంలో పేతురు లాగాడు. చేపల వేటను మనుషుల్ని క్రీస్తు దగ్గరికి తేవడానికి గుర్తుగా చదివేవాళ్లకి ఇది గట్టి ఆధారం.

అలాగని గంతులెయ్యకండి. మిగిలిన 18:10 కూడా చూడండి. అక్కడ అదే పేతురు, అదే క్రియ, లాగింది మాత్రం కత్తి, ప్రధాన యాజకుడి దాసుడి చెవి నరకడానికి. కాబట్టి ఆ మాట కనపడిన ప్రతిచోటా ఆత్మీయ అర్థం ఉందనడం కుదరదు. మన వాదానికి సరిపడే చోట్లే కాకుండా సరిపడని చోటు కూడా పక్కన పెట్టుకుని చదవడం ఈ పని మొత్తంలో ముఖ్యమైన అలవాటు, ప్రసంగాల్లో ఎక్కువగా ఎగిరిపోయేది కూడా ఇదే.

తర్వాత "పిగల్లేదు". నంబరు 4977, స్కిజో, అంటే చిరగడం, చీలడం. ఈ క్రియ యోహానులో ఇంకొక్క చోటే వస్తుంది, 19:24లో, సిలువ దగ్గర సైనికులు కుట్టులేని అంగీని చింపకుండా చీట్లు వేసుకునే చోట. దీని పక్క నంబరే 4978, స్కిస్మా, చీలిక అనే నామవాచకం. అది 7:43, 9:16, 10:19లో ఉంది, మూడుసార్లూ యేసు గురించి జనంలో భేదం పుట్టింది అని చెప్పే సందర్భమే. జనం చీలిపోయారు, అంగీ చీలలేదు, ఇన్ని చేపలు పడినా వల చీలలేదు. లూకా 5:6లో ఇలాంటి వేటే ఉంది కానీ అక్కడ వలలు పిగిలిపోతున్నాయి, వాడిన క్రియ కూడా వేరు. నన్నడిగితే ఈ వచనంలో అసలు బరువు 153లో కంటే ఈ మాటలో ఎక్కువ ఉంది.

చేప అనే మాట దగ్గర కూడా ఒక్క నిమిషం ఆగండి. 11వ వచనంలో ఉన్నది ఇఖ్తుస్, మామూలు చేప. 9, 10, 13 వచనాల్లో మాత్రం ఒప్సారియోన్, అంటే రొట్టెలో నంజుకునే చేప. కొత్త నిబంధన మొత్తంలో ఈ మాట యోహాను ఒక్కడే వాడాడు, మిగతా రెండు సార్లు 6:9, 6:11లో, ఐదు రొట్టెలు రెండు చేపల దగ్గర. రెండు చోట్లా అదే తిబెరియ సముద్రం ఒడ్డు. రెండు కథల్ని కలిపి చదవమని సువార్త మనకి చెప్తున్నట్టే ఉంది.

ఇప్పుడు అంకెకి రండి. ముందుగా, ఈ రచయిత అంకెలు ఎలా రాస్తాడో చూడండి. 21:8లో దరి ఇంచుమించు 200 మూరల దూరం. 6:10లో ఇంచుమించు ఐదువేల మంది. 6:19లోనూ "ఇంచుమించు"యే. 153 దగ్గర ఆ మాట లేదు, అంటే లెక్కపెట్టిన సంఖ్య అని చెప్తున్నాడు. సూటిగా తీసుకుంటే ఇదే అర్థం: వేటగాళ్లు పంచుకోవడానికి లెక్కపెడతారు, ఆ లెక్క చూసినవాడికి గుర్తుండిపోయింది. (21:2లో ఉన్నది ఏడుగురు, 153ని ఏడుతో భాగిస్తే సరిగ్గా రాదు, ఇంకొక్క చేప పడుంటే తలా 22 వచ్చేవి!) ఈ సాదా అర్థాన్ని చిన్నచూపు చూడకండి, మిగతా ప్రతి వ్యాఖ్యానమూ దీనికంటే మెరుగ్గా ఉంటేనే ఒప్పుకోవాలి.

గ్రీకు, హెబ్రీ భాషల్లో అక్షరాలే అంకెలు. అక్షరాలకి అంకెలిచ్చే మన కటపయాది లాంటిదే, కర్ణాటక సంగీతంలో 29వ మేళకర్త రాగానికి ధీరశంకరాభరణం అని పేరొచ్చింది ధ అంటే 9, ర అంటే 2 కాబట్టే కదా. కాకపోతే అక్కడ స్థానాలు తిరగేసి చదవడం ఉండదు, అక్షరాల విలువలన్నీ కూడడమే. అందువల్ల ఏ పేరుకైనా ఒక సంఖ్య వస్తుంది, కిటుకంతా అక్కడే ఉంది.

ఎవరైనా 153కి అర్థం చెప్పగానే మొదట అడగాల్సింది, ఆ కాలంలో రాసేవాడికి ఈ పద్ధతి తెలుసా అని. బీటెక్ చదివినవాళ్లకి 153 అంటే సి ల్యాబ్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్ నంబరు: 1, 5, 3 ఘనాలు కూడితే 1+125+27, మళ్లీ 153. ముచ్చటగానే ఉంది, యూట్యూబ్‌లో దీన్ని దైవ రహస్యంగా చెప్పేవాళ్లూ ఉన్నారు. కానీ గ్రీకువాళ్లు 153ని రో, ను, గామా అని 100, 50, 3 గా రాసేవాళ్లు, ఆ రాతలో 1, 5 అనే అంకెలే లేవు. కాబట్టి ఇది పోయింది. ఆర్కిమెడీస్ సంగతీ అంతే: వృత్తాన్ని కొలిచే ఆయన పుస్తకంలో 265/153 అనే భిన్నం నిజంగానే ఉంది, చేపలు మాత్రం లేవు. జపమాలలో పాత లెక్క ప్రకారం 153 మంగళవార్త జపాలు రావడం సువార్త రాసిన ఎన్నో శతాబ్దాల తర్వాతి మాట.

రెండోది, వచనంలో దానికి సూచన ఉందా? ప్రకటన 13:18లో 666 దగ్గర లెక్కించమని సూటిగా ఉంది. ఇక్కడ అలాంటిదేమీ లేదు. మగ్దలేనే (మరియ) అనే పేరుకి గ్రీకులో ముందు ఆర్టికల్ (ఇంగ్లీషు "the" లాంటి మాట) కలిపి కూడితే 153 వస్తుంది, లెక్క సరైనదే, కానీ ఈ సన్నివేశంలో మరియ లేనే లేదు. అలాగే "వల"కి ఆర్టికల్ కలిపితే 1224, అది 153కి ఎనిమిది రెట్లు. "చేపలు" అన్నా 1224యే, అక్కడ మాత్రం ఆర్టికల్ కలపకూడదు! ఒకచోట కలిపి, ఒకచోట తీసేసి, పైన ఎనిమిది పెట్టి గుణించే స్వేచ్ఛ ఉంటే ఏ మాటనైనా ఏ సంఖ్యకైనా తేవచ్చు. ఇలాంటి సర్దుబాట్లు ఎన్ని జరిగాయో లెక్కపెట్టండి, రెండు దాటితే పక్కన పెట్టేయండి.

పాతకాలం క్రైస్తవ పండితుల్లో అగస్టీను చెప్పింది అందరికీ తెలిసిందే. 1 నుంచి 17 వరకు కూడితే 153. ఆ 17 అంటే పది ఆజ్ఞలు, ఆత్మ వరాలు ఏడు. అలాంటి త్రిభుజ సంఖ్యలు పైథాగరస్ శిష్యుల కాలం నుంచే తెలుసు కాబట్టి మొదటి ప్రశ్న దాటుతుంది. అయితే వెయ్యి లోపు అలాంటివి 44 ఉన్నాయి, 666 కూడా వాటిలోదే, అంటే యాదృచ్ఛికంగా తగలడం పెద్ద వింతేమీ కాదు. అలెగ్జాండ్రియా సిరిల్ 100 అన్యజనులు, 50 ఇశ్రాయేలులో మిగిలినవారు, 3 త్రిత్వం అని విడగొట్టాడు, అది నాకు సాగదీసినట్టే అనిపిస్తుంది. జెరోము అయితే చేపల జాతులు 153 అని ఒప్పియన్ లాంటి కవులు చెప్పారన్నాడు. ఒప్పియన్ చేపల కావ్యం ఇప్పటికీ ఉంది, అందులో ఆ సంఖ్య లేదు, పైగా ఆయన రెండో శతాబ్దం చివరివాడు.

నాకు ఎక్కువ నచ్చేది యెహెజ్కేలు 47:10 దారి. ఆలయం నుంచి పారే నది సముద్రంలో కలిస్తే, ఏన్గెదీ నుంచి ఏనెగ్లాయీము వరకు జాలరులు వలలు వేస్తారని అక్కడ ఉంది. హెబ్రీలో ఏన్ అంటే ఊట, అది తీసేస్తే గెదీ విలువ 17, ఎగ్లాయీము విలువ 153. 1958లో జె. ఎ. ఎమర్టన్ అనే బైబిలు పండితుడు దీన్ని ముందుకు తెచ్చాడు. గ్రీకు చదువరికి హెబ్రీ లెక్క ఎలా తెలుస్తుంది అనే అభ్యంతరం ఉంది, అది చిన్నదేమీ కాదు. అయినా ఇక్కడ వలా, జాలరులూ, చేపలూ ముందే వచనంలో ఉన్నాయి, అంకె తర్వాత వచ్చి చేరింది. 17 కూడా దానంతటదే వచ్చింది, ఎవరూ గుణించలేదు. యోహాను 7:38లో జీవజల నదుల మాట కూడా ఉంది.

చేయి తిరగాలంటే తర్వాత యోహాను 5:5 తీసుకోండి, బేతెస్ద దగ్గర 38 ఏళ్ల రోగి. మొదట ఆ వచనంలో మాటలు చూసి, ఆ తర్వాతే ద్వితీయోపదేశకాండము 2:14 తెరవండి, ఇశ్రాయేలీయులు కాదేషు బర్నేయ వదిలి జెరెదు వాగు దాటడానికి ఎన్నేళ్లు పట్టిందో అక్కడ ఉంటుంది.